బొట్టు పెట్టిన చోట

ఆ కబురు ముందుగా నాకు తెచ్చినవాడు మా మరిది. హార్బర్లో ఓడల్ని లాక్కొచ్చే టగ్గు మీద అతనికి పని. మద్దిలపాలెంలో మా గుమ్మం ముందు చెప్పులైనా విడవకుండా, "వొదినా, పొద్దున్నుంచి ఇంజను తిప్పుతన్నారు. నాను సెయ్యెట్టి సూసినాను. నువ్వు పూతేసిన బేరింగు ఏడెక్కనేదు, సల్లగా ఉంది" అన్నాడు. పిండి చేత్తోనే దేవుడి గూటికి దండం పెట్టుకున్నాను.

నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. మా అమ్మ పళ్ళెంలో బియ్యం పోసి దిద్దించిన అక్షరాలే నా చదువు. వాటితోనే అచ్యుతాపురం దారిలో ఒక షెడ్డులో కుదిరాను. మెత్తటి తెల్లలోహపు తీగ గన్నులో కరుగుతుంటే, గాలితో దాన్ని ఇరుసు తిరిగే బేరింగు లోపలి ముఖానికి పూతగా కొట్టడం నా పని. అంతకుముందు ఆ లోహాన్ని గరిటెతో పోసిన ముసలి మేస్త్రీ అక్కడే ఉండేవారు. గన్ను వచ్చాక ఆయన గరిటె మూలపడింది.

టగ్గు బేరింగు వచ్చిన రోజు ఓనరు ముందే చెప్పాడు, పూత ఊడితే గన్ను ఇంకొకరి చేతికి పోతుందని.

ఏ పని మొదలెట్టినా బొట్టు పెట్టడం మా ఇంటి అలవాటు. గరుకు పట్టించి శుభ్రం చేసిన ఇనప బేరింగు చెక్కకి లోపలివైపున, ఆంజనేయస్వామి గుళ్ళోంచి తెచ్చిన నూనె సిందూరం వేలితో అద్దాను. ఆపైన పూత కొట్టాను.

చల్లారాక మేస్త్రీ దాన్ని తాడుకి వేలాడదీసి చిన్న సుత్తితో చుట్టూ తట్టారు. గంటలా మోగుతూ వచ్చి, ఒక్కచోట బీటపడ్డ కుండలా పలికింది.

"ఇక్కడేటి పెట్టినావమ్మా?"

"బొట్టు, తాతా."

ఆయన నవ్వారు. "నుదుట ఎట్టీది దీని కడుపులో ఎట్టినావా? నూనె మీద ఏటి అంటుకుంటాది?"

గోకితే ఆ మేర పొక్కులా లేచొచ్చింది. పూతంతా తీసేస్తుంటే ఓనరు వచ్చి ఏమైందన్నాడు. నేను నోరు విప్పేలోపే మేస్త్రీ అందుకున్నారు. "నాను సెప్పనేదు బాబూ ఆ పిల్లకి. తప్పు నాది. గన్ను దాని సేతిలోనే ఉండనీ."

మళ్ళీ గరుకు పట్టించాం. ఈసారి వేలు కూడా తగలనివ్వలేదు. బొట్టు షెడ్డు తలుపుకి పెట్టి గన్ను అందుకున్నాను. ఆయన తట్టి చూస్తే చుట్టూ ఒకటే మోత.

మరిది తెచ్చిన కబురు మర్నాడు ఆయనకి చెప్తే, "నాను ఆ రోజే దాని మోతలో ఇన్నాను కదమ్మా" అన్నారు.

తన గరిటెని మూలకి నెట్టిన గన్నునే నా చేతిలో నిలబెట్టిన మనిషి ఆయన. బీచ్ రోడ్డులో నించుని టగ్గు ఓడని లాక్కురావడం చూసినప్పుడు, ఆ ముసలి మేస్త్రీని ఒక్కసారి తలుచుకోండి.