గంగన్న భయం

ఈ పొద్దున మా మెకానిక్ షెడ్డు ముందు స్పీడ్ బ్రేకర్ మీదుగా ఒక జీపు పోయింది. ముందు చక్రాల దగ్గర టక్కుమని చప్పుడు వినిపించింది. చాయ్ గ్లాసు చేతిలో ఉండగానే రోడ్డు మీదికి పరుగెత్తాను. జీపు అప్పటికే బోధన్ వైపు వెళ్లిపోయింది. అది ఎవరిదో బండి, నేను ముట్టుకున్నది కూడా కాదు. అయినా గుండె దడ తగ్గలేదు. ఈ రోగం నాకు గంగన్న అంటించాడు.

నిజామాబాద్‌లో ఈ షెడ్డు ఆయనదే. నాకు పని నేర్పింది ఆయనే. మనిషి భారీగా ఉండేవాడు, పిలిస్తే వీధంతా వినపడేది. లోపల మాత్రం వట్టి పిరికి ప్రాణం. బాగుచేసిన బండి తాళం యజమాని చేతిలో పెట్టాలంటే చాలు, ముఖం తెల్లబోయేది. పక్క షెడ్లవాళ్లు నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ని.

ఒకసారి సిరికొండ నుంచి రాజేశ్ అనే రైతు తన పాత జీపు తెచ్చాడు. ముందువైపు బరువు మోసే పాత ఇనుప పట్టీలు, కమాన్ కట్టలు, తీసేయించి, బయట కొన్న కొత్త స్ప్రింగుల సెట్టు వేయించుకున్నాడట. అప్పటి నుంచి మలుపుల్లో బండి ఒక పక్కకు ఒరుగుతోంది. అలా ఒరగకుండా రెండు ముందు చక్రాలనూ కలిపి పట్టే వంపు రాడ్డు ఉంటుంది, స్వే బార్ అంటారు. అది బిగించమన్నాడు. అతని భార్యకు నెలలు నిండాయి. నొప్పులు మొదలైతే గుట్టల దారిలో ఆమెను ఈ జీపులోనే ఆసుపత్రికి తేవాలి.

జీపును జాకీల మీదికి లేపి గంగన్నే స్వయంగా రాడ్డు బిగించాడు. సాయంత్రం రాజేశ్ తాళం కోసం చేయి చాపితే ఇవ్వలేదు.

"ఇంకేముందన్నా? ఇంటికాడ ఆమె ఒక్కతే ఉన్నది."

"గాల్లో ఉన్నప్పుడు అంతా మంచిగనే కనిపిస్తది తమ్మీ. బరువు మీద సూడాలె."

అది ఆయన పద్ధతి. బండి దించి, పక్క షెడ్లవాళ్లందరినీ బతిమాలి అందులో కూర్చోబెట్టేవాడు. ఆ రోజూ వాళ్లు సణుక్కుంటూనే ఎక్కారు. నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, "పూరా ఎడమకు తిప్పు" అంటూ కిందికి దూరాడు. టార్చి వెలుతురు కింద అటూ ఇటూ కదిలింది.

"దిగుండ్రి అందరు," అన్నాడు చివరికి.

వంగి చూశాను. చక్రాలు వేలాడుతున్నప్పుడు ఎడంగా ఉన్న రాడ్డు, బరువు పడి చక్రం తిరిగేసరికి బ్రేకు పైపును ఒరుసుకుంటోంది. అలాగే పోనిస్తే ఏదో ఒక రోజు ఏ గుట్ట మలుపులోనో పైపు తెగేది. రాజేశ్ ముఖం పాలిపోయింది.

"నాదే తప్పు," అన్నాడు గంగన్న. "భయపడ్డ కాబట్టి దొరికింది."

రాడ్డును కిందికి దించి, దాన్ని పట్టి ఉంచే లింకులు మార్చి, మళ్లీ అందరినీ ఎక్కించి రెండు పక్కలా తిప్పించి చూశాకే తాళం ఇచ్చాడు. "ఇంటికి పోంగనే ఫోన్ చెయ్యి," అని పదే పదే చెప్పాడు. తర్వాత టిఫిన్ డబ్బా విప్పి ముందు పెట్టుకున్నాడు కానీ ముట్టలేదు.

"తినన్నా, బండి మంచిగనే పోతది," అన్నాను.

"పోతదిరా. పోయిన్నని ఆయన చెప్పాలె గద."

చాలాసేపటికి ఫోన్ మోగింది. రాజేశ్ ఇల్లు చేరాడు. గంగన్న కళ్లు తుడుచుకుని ముద్ద కలిపాడు. నాకు నవ్వు రాలేదు. ఆయన మీద చెప్పలేనంత ప్రేమ పుట్టింది.

గంగన్న పోయాక షెడ్డు నేనే నడుపుతున్నాను. నిన్న ఎడపల్లి వాళ్ల బండి చేసి పంపాను. ఎడపల్లి ఎంత దూరమని! అయినా కంచం ముందు కూర్చుని ఫోన్ వంకే చూస్తుంటే మా ఆవిడ విసుక్కుంది.

"అన్నం సల్లారుతున్నది, తినరాదు?"

"ఆగవే," అన్నాను. "ఆళ్లింక చేరలే."