ఒంటికాలి మీద బేరం

ఆరు వారాల పనిని రెండు వారాలకు బేరమాడి తెచ్చుకున్నవాణ్ణి నేను. అదీ జర్మనీలో, బ్యాలే నేర్పే టీచరు దగ్గర. మా వంశంలో ఇంతటి బేరం ఎవరూ ఆడలేదు. ఆడి ఇంతగా నాశనమైనవాడూ లేడు. కూర్చుని వినండి. నిలబడమని నేనిక ఎవరికీ చెప్పను.

తెనాలిలో మాది స్టీలు సామాన్ల కొట్టు. మొదట చెప్పిన ధరను నమ్మడం మా ఇంట్లో అమాయకత్వం కింద లెక్క. ఆ చదువుతోనే జర్మనీలోని ఆకెన్‌కి మాస్టర్స్ చేయడానికి వచ్చాను. నా వెనకే కరోనా వచ్చింది. నెలల తరబడి నాకు కనిపించిన మనిషి రూమ్మేట్ రమేశ్ ఒక్కడే, కరీంనగర్ వాడు. చివరికి ఒకరి మొహం ఒకరికి చిరిగిన క్యాలెండర్ పేజీలా తయారైంది. అప్పుడు బిర్గిట్ అనే టీచరు ఆన్‌లైన్‌లో పెట్టిన బ్యాలే తరగతిలో చేరాను. నాట్యం మీద మోజుతో కాదు. "ఆంక్షలు సడలగానే స్టూడియోలో కలుద్దాం, ఐదుగురికి చోటుంది" అని రాసిందావిడ. మనుషులున్న గది. దానికోసం కత్తిసామైనా నేర్చుకునేవాణ్ణి.

మొదటి రోజే చెప్పింది: "కుర్చీ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడండి. రెండు వారాలు రెండు చేతులతో, రెండు వారాలు ఒక చేత్తో, ఆఖరి రెండు వారాలు ఒక్క వేలితో. ఆ తర్వాత ఏమీ పట్టుకోకుండా పదహారు లెక్కపెట్టేదాకా నిలబడగలరు."

"ఆరు వారాలు మరీ ఎక్కువండీ. రెండు చేయండి."

"అది మీ చీలమండ చెప్పాలి," అని నవ్వింది.

మా కొట్లో నవ్వారంటే బేరం కుదిరినట్టే. కుర్చీని పక్కకు నెట్టేశాను. కాలు లేపగానే నేల పడవలా ఊగేది. మూడు దాటి ఏ రోజూ లెక్కపెట్టలేదు.

"ఏందిరా, కరెంటు తీగ మీద కాకి లెక్క నిలబడ్డవ్?" అన్నాడు రమేశ్.

"కాకి పడదు కదరా."

"నేనూ గదే చెప్తున్న. కాకే నయం."

రెండు వారాలయ్యేసరికి స్టూడియో తెరుస్తున్నామని కబురొచ్చింది. "శనివారం అందరూ నిలబడి చూపించండి" అంది బిర్గిట్. ఐదు చోట్లు, తెర మీద ఎనిమిది మొహాలు. నిలబడలేనివాడికి చోటుండదని నాకు నేనే తేల్చేసుకున్నాను. ఆవిణ్ణి అడగొచ్చు కదా అంటారా? కొనేవాడు తన అవసరం బయటపెట్టుకుంటాడా?

శనివారం కెమెరాను కాస్త తిప్పి, తెరలో కనిపించకుండా ఎడమ చేత్తో బట్టలారేసే స్టాండు పట్టుకున్నాను. పది. పదకొండు. బిర్గిట్ కళ్లలో మెప్పు. పన్నెండు దగ్గర రమేశ్ వచ్చాడు.

"ఒక్క నిమిషంరా, ఆరేసిన నా ప్యాంటు తీస్కుంట."

నోరు తెరిస్తే మోసం బయటపడుతుంది. కళ్లతోనే వద్దన్నాను.

"గట్ల గుడ్లురుముతవేందిరా, నా ప్యాంటే," అంటూ లాగాడు.

స్టాండు మడుచుకుపోయింది. దానితో నేనూ. లేపిన కాలు తెర పైఅంచు దాటింది. అంత ఎత్తు లేవడం దానికి అదే మొదలు, అదే ఆఖరు. నిలబడ్డ కాలు చిటుక్కుమంది. మొహం మీద తడి బనియను.

"దొంగచాటుగా ఎందుకు పట్టుకున్నారు?" అంది బిర్గిట్ మెల్లగా.

"స్టూడియోలో చోటు కోసం."

"అక్కడ గోడ పొడవునా పట్టుకోవడానికి కర్ర ఉంటుంది. అందరూ పట్టుకునే చేస్తారు. పైగా వస్తామన్నది నలుగురే, మీతో కలిపి."

డాక్టరు ఎక్స్‌రే చూసి ఆరు వారాలు కాలు కింద పెట్టొద్దన్నాడు.

"నాలుగు చేయండి డాక్టరుగారూ."

మాస్కు వెనక ఆయన నవ్వాడో లేదో కనిపించలేదు. ఆ బేరం కుదరలేదు.

ఎముకలతోనూ, వాటిని నిలబెట్టే టీచర్లతోనూ, అతికించే డాక్టర్లతోనూ జన్మలో బేరమాడనని రమేశ్ ప్యాంటు మీద చెయ్యేసి ప్రమాణం చేశాను. ఇక లెక్క. మిగిల్చింది నాలుగు వారాలు, చెల్లించింది ఆరు. నష్టం రెండే అని రాసుకుంటే అది దొంగలెక్క. స్టూడియో తెరిచి ఉన్నది ఐదు వారాలు. నా కట్టు విప్పేనాటికి మళ్లీ మూసేశారు. కాబట్టి అసలు నష్టం, మనుషులున్న గది ఒకటి.