పార్వతమ్మకు కుట్టిన గౌను

మా నీలావతక్కకు భయమంటే ఏమిటో తెలియదని హిందూపురంలో మా వీధంతా చెప్పుకునేది. వట్టి మాట. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర ఆమెతో పద్దెనిమిదేళ్ళు కాపురం చేసిన తోడికోడలిని, నాకు తెలియదా? ఆమె భయపడగా నేను చూశాను. అదీ దేన్ని చూసి? ఒక గౌనును చూసి.

ఆమె పుట్టిల్లు ధర్మవరం. మగ్గం చప్పుడు వింటూ పెరిగిన మనిషి. మా బావ ఆంజనప్పను చేసుకొని మా ఇంటికొచ్చాక కుట్టుమిషను కొనిపించుకొని రవికలు, లంగాలు కుట్టడం మొదలుపెట్టింది. చెయ్యి మంచిదే గానీ నోరు మంచిది కాదు. "నీకు నడుము యాడుండాది తల్లీ, టేపు యాడని పట్టేది?" అని ఎంత పెద్దింటి ఆడవాళ్ళనైనా మొహం మీదే అనేసేది. వాళ్ళు తిట్టుకుంటూనే మళ్ళీ ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. ఇదంతా ఆ గౌనుకు ముందటి సంగతి. ఆ తరవాత కూడా చాలా ఏళ్ళు మిషను తొక్కింది, ఎవరి ఒంటినీ ఒక్క మాట అనలేదు.

1963 ఎండాకాలంలో పెనుకొండ నుంచి రామాంజినేయులు అనే రైతు ఒక మూట పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. భార్య పార్వతమ్మకు గౌను కుట్టాలన్నాడు. మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. నలభై దాటిన రైతింటి ఆడమనిషికి గౌనేమిటి, విడ్డూరం కాకపోతే?

"మా ఇంటామె బో లావు మనిషమ్మా" అన్నాడు. "లంగా బొందు నడుముకు కోసుకుంటాదంటాది. చీర నిలవదంటాది. నాలుగేండ్ల కింద తేరు చూడబోతే జనం నవ్వినారు. ఆ పొద్దు ఇంట్లోకి పోయిన మనిషి మళ్ళా గడప దాటలేదు. ఇప్పుడు ధర్మవరంలో కూతురికి మగబిడ్డ పుట్టినాడు. తొట్టిల్లో వేసేది ఈ నెలాఖరుకే. ఒళ్ళంతా కప్పేది, యాడా పట్టనిది ఒకటుంటే వస్తానంటాంది. అది లేకుంటే మనవణ్ణి కూడా చూడదు."

మూట విప్పాడు. పార్వతమ్మ తమ్ముడు బెంగళూరులో దొరల ఇంట్లో వంటవాడట. లావుపాటి దొరసానుల కోసం చేసిన గౌను నమూనా ఒకటి అడిగి తెచ్చి పంపాడు. ఉల్లిపొరంత పల్చటి కాగితం, దాని మీద గీతలు. దాంతోపాటు ఊదారంగు బనీను గుడ్డ. కొలతలకు మాత్రం ముళ్ళు వేసిన దారం. ఒక ముడి ఛాతీకి, ఒకటి నడుముకు, ఒకటి పిరుదులకు.

"మనిషిని చూడకుండా ఎట్ల కుట్టేదబ్బా?" అంది నీలావతక్క.

"చూడనియ్యదమ్మా. దారానికి వేలెడు కూడా తగ్గనీయొద్దు. తగ్గితే వేసుకోదు." మాట్లాడినంతసేపూ అతనివి నేలచూపులే.

అతను పోయాక ఆ దారాన్ని నేల మీద గుండ్రంగా పరిచాం. ఇద్దరం అందులో నిలబడ్డాం. ఇంకా చోటు మిగిలింది. "ఓయమ్మో!" అని నేను పగలబడి నవ్వాను. నీలావతక్క కూడా నవ్వింది.

నేతవాళ్ళ బిడ్డకు గుడ్డంటే బిగువు. మగ్గం మీద పడుగు దారాలు వదులైతే చీరే చెడుతుంది కదా. అందుకని ఆ బనీను గుడ్డను నేల మీద పరిచి, నాలుగు మూలలా లాగి, రాళ్ళు పెట్టి తప్పెట తోలులా బిగించింది. దాని మీద నమూనా పెట్టి కత్తిరించింది. ముక్కలు తీసి మడిచి, ఇద్దరం సంగటి తినొచ్చి చూస్తే ఒక్కో ముక్కా నమూనా కంటే నాలుగు వేళ్ళు చిన్నదైపోయింది.

"నువ్వు కోసినావా?" అని నన్నడిగింది.

"నాకేం పొయ్యేకాలమా?" అన్నాను. ఆమె మళ్ళీ కొలిచింది. మళ్ళీ నాలుగు వేళ్ళే.

మిగిలిన గుడ్డను పక్కలకు పట్టీలుగా వేసి, ఎలాగో దారానికి సరిపెట్టి కుట్టింది. దూలానికి తగిలించింది. మూడోనాటికి గౌను అంచు జానెడు కిందికి దిగింది. కత్తిరించి మడిచి కుట్టింది. రెండు రోజులకు మళ్ళీ దిగింది. ఆకు కదలని మధ్యాహ్నం కూడా అది మెల్లగా అటూ ఇటూ తిరిగేది. లోపల ఎవరో నిలబడి కుదురుకుంటున్నట్టే ఉండేది. మా బావ ఆ గదిలోకి రావడం మానేశాడు.

"దాన్ని ఎవరో వేసుకుంటాండారు. ఇచ్చేసి రా పో" అన్నాడు.

ఎప్పుడూ ఆయన మాటకు నవ్వేసే నీలావతక్క, ఆ రోజు నవ్వలేదు. గౌను పక్కగా పోవాల్సి వస్తే గోడకు వీపు ఆనించి పోయేది. కళ్ళు మాత్రం దాని మీదే. ఆమె భయపడగా చూశానన్నది అప్పుడే.

ఆ గుడ్డ గుణమే అంతట. లాగితే సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది, వేలాడదీస్తే తన బరువుకు తానే దిగుతుంది. బనీన్లమ్మే అంగడాయన చాలా కాలానికి చెప్పాడు. తెలియనంత కాలం మాకది దయ్యమే.

తొట్టిలనాడు పొద్దున్నే గౌను మూటకట్టుకొని ఇద్దరం పెనుకొండకు రైలెక్కాం. తొడిగించి, తేడాలుంటే సరిచేసి, మధ్యాహ్నం బండికి ఆమెను ధర్మవరం పంపాలి.

కోట కొండ కిందనే ఇల్లు. కిటికీలన్నిటికీ గోనెపట్టాలు కొట్టి ఉన్నాయి. గోడకున్న అద్దం వెనక్కి తిప్పి ఉంది. మూసిన గది ముందు తట్టలో సంగటి ముద్ద, ముట్టుకోనే లేదు, పైన ఎండి పగుళ్ళిచ్చింది. రామాంజినేయులు తలుపు తట్టాడు.

"కుట్టేయమ్మ వచ్చింది."

లోపలి నుంచి పిల్లిపిల్లంత సన్నటి గొంతు వచ్చింది. "గౌను ఇచ్చి మొగం తిప్పుకోమను."

"మొగం తిప్పుకొని గుండీ యాడ పెట్టేది తల్లీ?" అంటూ నీలావతక్క తలుపు తోసుకొని పోయింది. వెనకే నేను.

చీకటి. లావుపాటి మనిషి కోసం నా కళ్ళు గదంతా వెతికాయి. ఎవరూ లేరు. మూలన ఒక చీర కుప్పగా పడి ఉంది. ఆ కుప్ప లేచి నిలబడింది.

చీపురుపుల్లల్లాంటి చేతులు. చెంపలు లోపలికి పోయి పళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. రవిక భుజాల మీద నిలవడం లేదు. మా వైపు రావడానికి మంచానికీ గోడకూ మధ్య ఆమె ఒళ్ళు ముడుచుకొని, ఊపిరి బిగబట్టి, అడ్డంగా తిరిగి నడిచింది. ఆ సందులో ఎద్దు పడుతుంది.

"ఆ దారం నాలుగేండ్ల కిందటిదమ్మా" గడప అవతల రామాంజినేయులు గొణిగాడు. "కూడు తినదు. ఎంత చెప్పినా లావుండానంటాది. అద్దం చూపిస్తే అద్దమే అబద్ధమంటాది." ఏడుస్తున్నాడు.

గౌను తొడిగాం. అది ఆమె మీదుగా జారి నేలంతా పరుచుకుంది. మెడ సందులోంచి రెండు భుజాలూ బయటికొచ్చాయి. ఒంటి మీదున్న గుడ్డను కుట్టకూడదంటారు. శవానికే అలా కుడతారట. నీలావతక్క వెనక మడత మీద మడత పెట్టి కుట్టింది.

"బిగుతుగా ఉండాదా? నిజం చెప్పు. పొట్ట కనపడతాందా?" అడిగింది పార్వతమ్మ.

నీలావతక్క దారం కొరికి, సూది తన పైటకు గుచ్చుకుంది. నాకు ఏడుపాగలేదు, గోడవైపు తిరిగాను. నిజం చెబితే నమ్మదు, గౌను విప్పేస్తుంది, మనవణ్ణి చూడకుండానే ఆ మూలకు పోతుంది.

"లేదు తల్లీ" అంది నీలావతక్క. "నీ కొలతకు సరిగ్గా సరిపోయింది."

జట్కాలో స్టేషనుకు తీసుకుపోయాం. ప్లాట్‌ఫారం నిండా జనం. పార్వతమ్మ ముందు, మేం వెనక. ఆమె కాళ్ళు కనిపించడం లేదు, ఉత్త గౌనే నడుస్తున్నట్టుంది. శెనక్కాయలమ్మేవాడు అరుపు మధ్యలో ఆపేశాడు. ఒక తల్లి బిడ్డ కళ్ళు మూసింది. కూర్చున్నవాళ్ళు లేచి, గోడకు ఒదిగి దారిచ్చారు. అంతమందిలో దగ్గు కూడా లేదు. పార్వతమ్మ తలెత్తి ఒక్కొక్కరి మొహమే చూసుకుంటూ పోయింది.

రామాంజినేయులు ఆమెను బండెక్కించి కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. ఆమె చెయ్యి చాచి నీలావతక్క చేతిని పట్టుకుంది. అంత సంతోషం నేను ఏ మొహంలోనూ చూడలేదు.

"ఒక్కరన్నా నవ్వలేదు, చూస్తివా?" అంది.

"లేదు తల్లీ, ఎవరూ నవ్వలేదు" అంది నీలావతక్క. బండి కదిలింది.