భోజనాల దగ్గర ఆగిన డిస్కు

మొన్న కొత్త టీవీ రిమోట్‌లో నేనేదో నొక్కకూడనిది నొక్కినట్టున్నాను, తెరమీద ఉన్న ప్రతి మాటనూ ఒక ఆడగొంతు పైకి చదవడం మొదలుపెట్టింది. చూపు లేనివాళ్ల కోసమట. దాన్ని ఆపలేక ఇంటిల్లిపాదీ తిప్పలు పడుతుంటే, నాకు ఉదయగిరిలో మా అవ్వ గుర్తొచ్చింది.

నీటికాసులొచ్చి అవ్వకి రెండు కళ్లూ పోయాయి. చిన్నత్త పెళ్లి డీవీడీ పెట్టుకుని వినడమంటే ఆమెకు ప్రాణం. అయితే డిస్కు వేయగానే ముందు మెనూ వస్తుంది కదా, ముహూర్తమా, తలంబ్రాలా, భోజనాలా అని. అక్కడ సన్నాయి మోగుతూ ఉంటుందే గానీ, ఏ మాట మీద ఉన్నామో ఆమెకెలా తెలుస్తుంది? ప్రతిసారీ ఎవరినో ఒకరిని పిలవాలి. ఆ డిస్కు చేసింది ఆత్మకూరులో పెళ్లి వీడియోల షాపున్న మా బాబాయే. ఒకరోజు ఆయన ఇంటికి రాగానే అవ్వ విరుచుకుపడింది. "నా బిడ్డ పెళ్లి నేను వినేదానికి అందరి గడ్డాలూ పట్టుకోవాల్నా? ఏం పని చేసినావురా నువ్వు!"

బాబాయికి రోషమెక్కువ. రిమోట్‌లో బాణం నొక్కినప్పుడల్లా కొత్త పేజీ వచ్చి, దాని పేరు ఒక గొంతు పలికేట్టు డిస్కు మళ్లీ చేశాడు. ఓకే బటన్ చేతికి తెలిసేట్టు దాని మీద బొట్టుబిళ్ల అంటించాడు. ముహూర్తానికి తన గొంతు, తలంబ్రాలకి చిన్నత్తది, భోజనాలకి తాతది. తాతతోనే వచ్చింది చిక్కు. జన్మంతా పెళ్లిళ్లలో జనాన్ని బంతికి పిలిచిన మనిషి, మైకు చూస్తే ఊరుకుంటాడా? "భోజనాలు! రాండి, రాండి, ఆకులేసినారు. ఏమే, నువ్వు తిన్నావా లేదా? రా, కూర్చో."

బాబాయి నెత్తి కొట్టుకున్నాడు. "నాయనా, ఒక్క మాట చాలు."

"ఒక్క మాటతో పిలిస్తే ఎవుడొస్తాడ్రా?" అన్నాడు తాత. అదే ఉండిపోయింది. ఆ రోజు నుంచి అవ్వ ఎవరినీ పిలవలేదు. తనే పెట్టుకునేది, తనే నొక్కుకునేది, పైగా వచ్చినవాళ్లందరికీ నొక్కి చూపించి మురిసిపోయేది.

మరుసటేడు తాత పోయాడు. కొన్నాళ్లకు అవ్వ మళ్లీ ఆ డిస్కు పెట్టి, భోజనాల దగ్గర ఆగిపోయింది. ఏమీ నొక్కకపోతే ఆ పేజీ మళ్లీ మళ్లీ మొదటినుంచి వస్తుంది. తాత పిలుస్తూనే ఉన్నాడు. బొట్టుబిళ్ల ఊడిపోయిందేమో, పాపం, అనుకుని నేను ఓకే నొక్కబోయాను. అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నొక్కబాక అమ్మే. నొక్కితే పెళ్లి వస్తాది, ఆయన పోతాడు."

నాకు ఏడుపు ఆగలేదు. అవ్వ మాత్రం నవ్వు మొహంతో, టీవీ వైపు చెవి పెట్టి కూర్చుంది.

మా టీవీ గొంతును ఇంట్లోవాళ్లు ఎలాగో ఆపేశారు. అది అన్నీ తప్పుల్లేకుండా చదివింది గానీ, తిన్నావా అని ఎవరినీ అడగలేదు. ఇప్పుడు అవ్వా లేదు, ఆ డిస్కూ తిరగదు. ఇన్నేళ్లు ఎటు పోయాయో తెలియదు, నేను మాత్రం ఇంకా ఆ పిలుపు దగ్గరే, ఏమీ నొక్కకుండా కూర్చునే ఉన్నాను.