చెరుకు బండికి విడి చక్రం దొరకదు

మీరు భయపడాల్సిన దానికి భయపడరు. మీ మీద నా ఫిర్యాదు అదే. కొత్త తెల్ల రైలు వస్తుందంటే సెల్‌ఫోన్లు ఎత్తుకుని ప్లాట్‌ఫారం మీదికి పరుగెత్తుతారు. మీ ఇళ్ళకు తిండి పెట్టిన చెరుకు బండి పట్టాలను పాత ఇనుము కింద పీక్కుపోతుంటే మాత్రం పక్కనుంచి నడిచిపోయారు. ఒక్కరూ ఫొటో తీయలేదు. తీశామంటారా? చూపించండి. నా నోరు మూయించండి. అంతకంటే నాకు కావలసింది లేదు.

మా మామ మొన్న ఆదివారం పొద్దున బోధన్‌లో పోయాడు. మా అమ్మకు తమ్ముడు, సర్కారు బడిలో డ్రాయింగ్ సారుగా చేసి రిటైరయ్యాడు. టీ తాగి గ్లాసు కింద పెట్టినవాడు మళ్ళీ లేవలేదు. అత్తమ్మ ఫోను చేసి "మామ పోయిండు బిడ్డా" అంది. ఆ ఏడుపు గొంతుతోనే వెంటనే, "జల్ది రా. చుట్టాలు వస్తున్నరు. పిల్లలు ఆ అర్రలకు పోతరు, బండిని ముట్టుకుంటరు" అంది.

నిజామాబాద్ నుంచి బోధన్ దాకా బస్సులో నేను ఏడవలేదు. భయపడుతూ కూర్చున్నాను.

ఆ బండి ఏమిటో చెప్పాలి. మామకు చిన్న రైళ్ళ పిచ్చి. ఎన్ స్కేలు అంటారు, అసలు రైలును నూట అరవయ్యో వంతుకు కుదించే కొలత. అత్తమ్మ అర్ర అన్న ఆ వెనక గదిలో, మంచమంత చెక్క మీద జానకంపేట జంక్షను, ఎడపల్లి, బోధన్ కట్టుకున్నాడు. పెద్ద లైను మీద తిరిగేవన్నీ కొన్న రైళ్ళే. కంపెనీలు చేస్తాయి, డబ్బాలో వస్తాయి, చెడిపోతే విడి భాగాలు దొరుకుతాయి. కానీ ఒకప్పుడు ఇక్కడ చెరుకు తోటల్లోంచి చక్కెర ఫ్యాక్టరీ గేటు దాకా సన్న పట్టాలు ఇంకో జత ఉండేవి. వాటి మీద నడిచిన చెరుకు బండిని ఏ కంపెనీ చేయలేదు. అందుకని మామే చేశాడు. పౌడరు డబ్బా రేకుతో ఇంజను, పెన్సిలు రాతను చెరిపే రబ్బరు ముక్కంత. లోపల పాత సెల్‌ఫోన్‌ను వణికించే మోటారు. ఇత్తడి చక్రాలు, ఆకురాయితో అరగదీసి చేసినవి. పెట్టెల్లో చెరుకు గడలేమో పాత టూత్‌బ్రష్షుల కుచ్చులు.

"పాతగయ్యే దాంక ఆగుతడా?" అనేది అత్తమ్మ. "నేను పండ్లు తోముకుంటుంటే వచ్చి పక్కన నిలబడ్తడు. ఇంకెన్ని దినాలకు ఇస్తవే అని."

ఆ బండిలో ఆఖరి పెట్టె ఎప్పుడూ సగమే నిండి ఉండేది. హైదరాబాద్ నుంచి చూడవచ్చిన ఒకాయన, "సార్, లాస్ట్ వ్యాగన్ కూడా నిండా పెడితే న్యాచురల్‌గా ఉంటుంది" అని సలహా ఇచ్చాడు. మామ నవ్వి, "ఆ సగం మేం తిన్నం సార్" అన్నాడు. ఆయనకు అర్థం కాలేదు. మీలో బోధన్ వాళ్ళకు కావాలి. మలుపులో బండి నెమ్మదించేది. ఈ ఊళ్ళ పిల్లలందరం అక్కడ కాచుకుని ఉండి, డ్రైవరు కంట పడని ఆఖరి పెట్టెలోంచి గడలు లాగేవాళ్ళం. ఒకసారి నా లంగా అంచు పెట్టె కొక్కానికి తగులుకుంది. బండి నన్ను ఈడ్చుకుపోతోంది, చక్రం నా మడమ పక్కనే తిరుగుతోంది. అప్పటికి కాలేజీ చదువుతున్న మామ ఎక్కడినుంచి ఉరికొచ్చాడో, లంగాను పర్రున చింపి నన్ను గట్టు మీదికి విసిరేశాడు. నేను వణుకుతుంటే అన్నాడు: "భయమైందా? కానియ్. భయమున్నోళ్ళే చెయ్యి పైలంగ, సూసి పెడ్తరు."

ఆ మాట ఆయన చాలాసార్లు అన్నాడు. సన్న పట్టకారుతో చక్రం బిగిస్తూ అనేవాడు. నేను ధర్నాకు పోతున్నానని ఫోను చేస్తే కూడా అదే మాట.

చిన్న రైళ్ళ తెలుగువాళ్ళకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. ప్రతి కొత్త సంవత్సరం అందులో ఓటింగు పెడతారు, కంపెనీలు ఈసారి ఏ కొత్త మోడల్ తేవాలని. ఓట్లన్నీ తెల్ల రైలుకే, లేదంటే దాని నారింజ రంగు తమ్ముడికి. మామ ఒక్కడే "చెరుకు బండి" అని టైపు చేసేవాడు. "చెరుకు సార్ వచ్చిండ్రు, జ్యూస్ చెప్పుండ్రి" అని ఎవరో ఒకరు ఎక్కిరించేవాళ్ళు. మళ్ళీ ఏడాది మళ్ళీ అదే ఓటు.

నాకు ఒళ్ళు మండేది. "మామా, కంపెనీని అడుక్కునుడు ఏంది? జనం చరిత్ర జనం చేతిల ఉండాలె. నువ్వు చేసిందే అసలుది" అన్నాను.

"ఇది మీటింగు కాదు బిడ్డా, చప్పట్లు కొట్టెటోళ్ళు లేరు. చేత్తోని చేసింది ఒక్కటే ఉంటది. నేను పోతె దీని చక్రం ఎవలు మారుస్తరు? నువ్వా? నీకు సూదిల దారం ఎక్కియ్యరాదు."

"కంపెనీ లాభం సూస్తది మామా."

"సూడనియ్. లాభానికే చెయ్యనియ్. వెయ్యి ఇండ్లల్ల ఉంటె ఒక్క ఇంట్లనన్న బతుకుతది."

నేను ఒప్పుకోలేదు. ఫ్యాక్టరీ మూతబడిన ఊరు ఇది. చెరుకు వేసిన చేతులు వరికీ పసుపుకూ మళ్ళిన నేల ఇది. బతుకుతెరువు బజారు పాలైంది చాలక, జ్ఞాపకం కూడా బజారు దయ మీద బతకాలా? ఇప్పటికీ ఇదే అడుగుతాను. కానీ వాదన గెలిచినంత మాత్రాన చక్రం తిరగదు.

ఏడాది కింద మామ చేతులు వణకడం మొదలైంది. నా ఎదుటే ఒక చక్రం పట్టకారులోంచి జారి పడింది. మెంతి గింజంత చక్రం. ముగ్గురం మోకాళ్ళ మీద పాకుతూ వెతికాం. చివరికి అత్తమ్మ గది ఊడ్చి, ఆ దుమ్మును పిండి జల్లెడలో పోసి జల్లిస్తే దొరికింది. ఆ రోజునుంచి ఆ ఇంట్లో ఊడ్చిన చెత్తను జల్లించకుండా బయట పారబోయలేదు. చక్రం చేతికిస్తుంటే మామ ముఖం చూశాను. పాలిపోయి ఉంది. "సావంటే భయం లేదు బిడ్డా. ఇది ఆగుతదంటేనే కాళ్ళు చేతులు సల్లవడుతున్నయి" అన్నాడు.

ఆదివారం నేను వెళ్ళేసరికి ఇంజను ఆయన అద్దాల పక్కన, గుడ్డ మీద వెల్లకిలా ఉంది. ముందటి చక్రం ఒకటి ఊడదీసి పక్కన పెట్టాడు, బాగుచేస్తూ చేస్తూ లేచి టీకి వెళ్ళినట్టున్నాడు. ముట్టుకోవడానికి ధైర్యం చాలలేదు. తలుపు దగ్గరికి వేశాను. శవం లేచేటప్పుడు ఆడవాళ్ళు కాటికి రావద్దన్నారు. వాదించాను. గెలిచాను. వెళ్ళాను.

మీకు తెలుసు కదా, శవం గడప దాటాక ఇల్లు ఊడ్చి కడుగుతారు. చుట్టాలు ఏ గదీ వదల్లేదు. పాపం, మంచి మనసుతోనే చేశారు. వెనక గదిలోనూ బకెట్లకు బకెట్లు కుమ్మరించారు, ఇంజనును పక్కకు పెట్టి బల్ల మీది గుడ్డ తీసి దులిపారు, నేల తుడిచారు.

నేను తిరిగొచ్చేసరికి అత్తమ్మ పెరట్లో, కడిగిన నీళ్ళు పోయే మోరీ పక్కన కూర్చుని ఉంది. చేతిలో పిండి జల్లెడ. మురికిని గుప్పిళ్ళతో తీసి అందులో పోస్తోంది. ఆమె చెల్లెలు రెక్క పట్టి గుంజుతోంది.

"ఏందక్కా ఇది? మొగడు పోయిన నాడు మోరీ దేవుతవా? నలుగురు సూస్తే ఏమనుకుంటరు?"

"ఏమన్న అనుకోనీ. ఆయన చక్రం పోయింది. జరుగు, ఎలుతురుకు అడ్డం రాకు."

నేనూ పక్కన కూర్చున్నాను. పొద్దు గూకే దాకా దేవాం. దొరకలేదు.

ఇంజను ఇప్పుడు నా దగ్గర ఉంది, మూడు చక్రాలతో. హైదరాబాద్‌లో చిన్న రైళ్ళు అమ్మే దుకాణానికి ఫోను చేశాను. "ఏ కంపెనీది మేడం?" అన్నాడు. మా మామ చేసిందన్నాను. "అయితే రాదు మేడం" అన్నాడు మర్యాదగానే. గ్రూపులో చావు కబురు పెట్టాను. చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చాయి. వాటి కిందే ఎవరో కొత్త తెల్ల రైలు మోడల్ ఎప్పుడొస్తుందని అడిగారు. అందరూ అటు మళ్ళారు.

నాకు భయంగా ఉంది. దాన్ని బీరువాలో పెడితే తుప్పు పడుతుందని భయం, బయట పెడితే పిల్లి తంతుందని భయం. కంసాలికి ఇచ్చి చక్రం చేయించవచ్చు, కానీ ఇంజను విప్పితే మిగతా మూడూ ఊడతాయేమోనని భయం. మన మధ్య తిరిగిన ఒక బండి ఆకారం ఈ లోకంలో ఈ రబ్బరు ముక్కంత రేకులోనే మిగిలింది. అది నా చేతిలో ఉంది. నా చేతులూ యాభై దాటిన చేతులే.

కాబట్టి అడుగుతున్నాను. బతిమాలడం లేదు.

– చిన్న స్కేలు రైళ్ళు చేసే కంపెనీలు కొత్త మోడళ్ళలో చెరుకు బండి తేవాలి. ఇంజనూ కావాలి, పెట్టెలూ కావాలి.

– తెల్ల రైళ్ళు చేసుకోండి, కాదనను. వాటి పక్కన కూలి జనం ఎక్కిన ప్యాసింజరు కూడా చేయండి.

– చక్రాలు విడిగా అమ్మాలి. మోడల్ ఆపేసిన తర్వాత కూడా అమ్మాలి.

– గ్రూపులో ఓటింగు మళ్ళీ పెట్టాలి. చేతులు జోడించిన బొమ్మ పంపిన ప్రతి ఒక్కరూ ఓటు వేయాలి.

– బోధన్, ఎడపల్లి, కోటగిరి వాళ్ళు ఇళ్ళలో పెళ్ళి ఫొటోలు తీసి చూడాలి. మనుషుల వెనక ఎక్కడైనా బండి ముక్క కనబడితే పారేయొద్దు.

– ఆ ఇంజను అసలు రంగు ఏమిటో చెప్పగలిగిన డ్రైవర్లు ఈ చుట్టుపక్కల ఇంకా కొందరు ఉన్నారు. అందరూ ముసలివాళ్ళు. కొలతలు రాసుకునేవాళ్ళు వాళ్ళు ఉండగానే రావాలి.