ఆమెను లేపని రాత్రి

మస్కట్‌లో పడవలకు రంగులు వేసే పనిలో ఉన్నప్పుడు, నా భార్య విజిట్ వీసా మీద వచ్చి మూడు నెలలు నాతో ఉంది. మాది ఆర్మూర్ అంచున పెర్కిట్. మేము చూసిన పెద్ద నీళ్లంటే పోచంపాడ్ డ్యామే. నేను రంగు వేసిన ఒక తెరచాప పడవ యజమాని, వయసు మళ్లిన మనిషి, తోడుకు ఇద్దరు కావాలని శుక్రవారాల్లో మాకు పడవ నడపడం నేర్పాడు.

ఆమె నాకంటే ముందే నేర్చుకుంది. చుక్కాని పిడిని నేను పార కర్రలా బిగించి పట్టేవాణ్ని. ఏళ్ల తరబడి బీడీలు చుట్టిన చేతులు ఆమెవి. దేన్ని ఎంత ఒత్తితే చాలో వాటికి తెలుసు. రెండు వేళ్లతో పడవను నిలకడగా ఉంచేది. ఆయన మెచ్చుకున్నప్పుడల్లా నేను తాళ్లు సర్దే నెపంతో తల తిప్పుకునేవాణ్ని.

తర్వాత, తీరం వెంబడి సూర్ దాకా ఒక రాత్రి ప్రయాణం పెట్టాడు. ఒక్కొక్కరికి మూడు గంటల వంతు. వంతు కాగానే రెండో మనిషిని లేపి, పిడి చేతికిచ్చాకే పడుకోవాలి. ఇద్దరం సరిగ్గా చేస్తే, తిరిగి వచ్చేటప్పుడు రాత్రంతా పడవను మాకే వదిలేస్తానన్నాడు. ఆ మాటకు ఆమె వారం రోజులు సంబరపడింది.

తొమ్మిది నుంచి పన్నెండు దాకా నా వంతు. గాలి మెత్తగా ఉంది. కుడివైపు దూరంగా ఒడ్డు దీపాలు. పన్నెండైనా ఆమెను లేపలేదు. పడుకోనీలే అనుకున్నాను. అది దయ అని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి చీకట్లో ఆమె చేతికి పడవ ఇవ్వడం నాకు ఇష్టం లేదు. నాకంటే బాగా నడుపుతుందేమోనన్న భయం కూడా ఉంది. అలా కూర్చునే నిద్రపోయాను.

తెరచాప టపటపా కొట్టుకునే చప్పుడుకు ముందు లేచింది ఆమే. పడవ దారి తప్పి, జాలర్ల వలలున్న చోటికి కొట్టుకుపోతోంది. ఆమె నా పక్కనుంచి పిడి అందుకుని నెమ్మదిగా దారిలోకి తిప్పింది. నేను కళ్లు తెరిచి గబుక్కున ఆమె చేతిలోంచి పిడి అందుకునేసరికి యజమాని లోపలినుంచి పైకి వస్తున్నాడు. ఎవరు నిద్రపోయారని హిందీలో అడిగాడు. ఒంటిగంట దాటింది, లెక్క ప్రకారం ఆ వంతు ఆమెది. నేను ఆమెను చూపించాను.

ఆమె నా మొహంలోకి చూసింది. పక్కకు జరిగి కూర్చుంది. తిరుగు ప్రయాణంలో ఆయన ఆమెకు పిడి ఇవ్వలేదు. చేతులు ఒడిలో పెట్టుకుని తెల్లారేదాకా కూర్చుంది.

ఇంటికొచ్చాక ఆ అబద్ధాన్నే నవ్వులాటగా అందరికీ చెప్పాను. మొన్న చేలో పసుపు ఉడకబెడుతుంటే మా వదిన మళ్లీ అందుకుంది.

"ఏం చెల్లె, గీ కడాయి కాడ మేలుకుంటవా, పడవల లెక్క పండుకుంటవా?"

ఎప్పటిలాగే నా భార్య నవ్వి ఊరుకుంది. ఈసారి ఆ నవ్వును నేను చూడలేకపోయాను.

"పండుకున్నది నేను వదినా," అన్నాను. "గామెను లేపనే లేదు. తప్పు గామె మీదికి నూకిన."

మా అన్న పొయ్యిలోకి కట్టె ఎగదోశాడు. నా భార్య పసుపు మీద గోనెసంచి సర్దుతూ నెమ్మదిగా అంది:

"మీరు నవ్వుకుంటే నవ్వుకోండ్రి, గది కాదు. పడవ తిప్పింది నేనని గా ముసలాయనకు ఎర్కనే లేకపాయె. గదొక్కటే నాకు."

ఆయన నంబరు నా ఫోన్‌లో ఇంకా ఉంది. అక్కడే నిలబడి ఫోన్ చేసి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఫోన్ ఆమెకివ్వు అన్నాడు ఆయన.

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని ఫోన్ తీసుకుంది. వచ్చీరాని హిందీలో మాట్లాడుతూ గట్టు మీదుగా దూరంగా వెళ్లింది. ఆ రాత్రి గాలి ఏ పక్కనుంచి వచ్చిందో చేత్తో చూపిస్తోంది, ఆయన ఎదురుగా ఉన్నట్టు. నేను మంట ముందు కూర్చుని కట్టెలు వేస్తూ ఉన్నాను. ఆమెను పిలవలేదు.