మంద వద్దన్న చేను

కోత అయిపోయిన మళ్లలో గొర్రెలను రాత్రంతా పండబెట్టడాన్ని మా వైపు మంద కట్టడం అంటారు. వాటి పెంటికలు, మూత్రం చేనుకు సత్తువ. బదులుగా రైతు పగలు తన మళ్లలో మేపుకోనిస్తాడు, కాపరికి రాత్రి బువ్వ పెడతాడు. ఆళ్లగడ్డ దగ్గరి కొండవాలులో గడ్డి ఎండిపోగానే మా అన్న ఏటా మందను గోస్పాడు వైపు కాలవ కింది మళ్లకు తోలుకుపోయేవాడు. మోకాలు నొప్పిగా ఉందని ఈసారి నన్నూ తోడు రమ్మన్నాడు.

నేను లారీలను తూకం వేసే కాటా దగ్గర పని చేస్తాను. పెద్ద చదువు లేదు, లెక్క చూసి చూసి వంటబట్టింది. బయలుదేరే ముందే చెప్పాను, ఏటా పిలిచే రైతులందరూ పిలిస్తేనే వానల దాకా మేత సరిపోతుందని. దారిలో ఇద్దరు వద్దన్నారు. ఒకాయన గడ్డి కాల్చేశాడు, ఇంకొకాయన గడ్డి మందు కొట్టాడు. మిగిలింది పెద్ద చేను రైతు. ఆయన మీదే అన్న ఆశంతా.

"ఏందన్నా, చెప్పకుండా వచ్చినారే?" అన్నాడు రైతు.

"ఏటా చెప్పే వస్తాండామా?"

రైతు చేను వైపు చెయ్యి చూపించాడు. మడి మడికీ నల్లటి కుప్పలు. దూరం నుంచే ముక్కు మూసుకోవాల్సిన వాసన.

"కోళ్ల ఫారం ఎరువు. ట్రాక్టర్లు ఒక్క పూటలో దించేసి పోయినాయి. మీ గొర్రెలైతే ఇంత చేను తిరిగేకి నెల పడతాది."

"కోళ్లు బువ్వ గూడా అడగవులే," అన్నాడు అన్న. "ఆ మిగులు కూడా నీకే."

రైతు నవ్వబోయి ఆపుకున్నాడు. ఆయన భార్య బయటికి వచ్చింది. "మంద లేకుంటే మానె, బువ్వ తిని పోన్నా. ఈ రాత్రికి గొర్రెల్ని ఆ చేన్లోనే నిలుపుకోండి."

"వద్దులేమ్మా," అన్నాడు అన్న. "ఆ ఎరువులో చచ్చిన కోళ్లు గూడా కలిసింటాయి. నాకితే గొర్రెలు జబ్బు పడి చస్తాయి."

ఆమె మూట కట్టిన రొట్టెలు నా చేతికిచ్చింది. మంద కట్టని చేను రొట్టెలు తినడం అన్నకు ఇష్టం లేదు. అయినా తీసుకొమ్మని నాకు తల ఊపాడు.

కాలవ గట్టు మీద మందను నడిపిస్తూ నేను లెక్క వేసుకున్నాను. ఈ మళ్లలో పండిన మొక్కజొన్నే మా కాటా మీదుగా కోళ్ల షెడ్లకు పోతుంది, పెంటై మళ్లీ కాటా మీదుగానే ఈ మళ్లకు వస్తుంది. పోయేటప్పుడూ డీజిలే, వచ్చేటప్పుడూ డీజిలే. గొర్రెలు తినేది కోత మిగిల్చిన, ఎవరికీ పనికిరాని మోడు, కలుపు. నడిచి వస్తాయి, నడిచి పోతాయి. ఎటు నుంచి వేసినా మందే గెలుస్తోంది. గెలిచిన మందకు మాత్రం నిలవడానికి చోటు లేదు.

అన్న గట్టు మీద కూర్చుని మోకాలు రుద్దుకున్నాడు. గొర్రెలు కాలవ అంచున దుమ్ము పట్టిన గడ్డిని కొరుకుతున్నాయి. వెనక్కి పోతే కొండలో గడ్డి లేదు. ముందుకు పోతే నంద్యాల, అక్కడ మాకు తెలిసిన చేను లేదు.

"నీ లెక్కలో రేపటికి మేత ఉందాప్పా?"

"లేదన్నా."

అన్న మోకాలు పట్టుకుని లేచి నిలబడ్డాడు. తర్వాత, "ఆ షెడ్డాయనకు ఫోన్ కొట్టు" అన్నాడు.

ఆళ్లగడ్డ బయట నేలకు ఎత్తుగా పలకల షెడ్డు వేసి దాణాతో గొర్రెలను మేపే ఆసామి అతను. మందంతా ఇచ్చెయ్యమని రెండేళ్లుగా అడుగుతున్నాడు. నేను నంబరు కలిపి ఫోను అన్న చెవి దగ్గర పెట్టాను. మందంతా తీసుకో అన్నాడు అన్న. అవతలి మాట నాకూ వినిపించింది.

"తిరగడం మరిగినవి గదన్నా, షెడ్డులో నిలుస్తాయా?"

అన్న మందను చూశాడు. ముందు నడిచే ముసలి గొర్రె అప్పటికే తల ఎత్తి, ఎటు తోలుతారా అని మా వైపే చూస్తోంది.

"నిలుస్తాయి," అన్నాడు. "తలుపేసినాక యాడికి పోతాయి?"